ఎన్నాళ్ళనుంచి వేసుకుంటున్నావమ్మా?

పలాస స్టేషనులో రైలు దిగగానే ముందుగా పలకరించేది మనుషులు కాదు, వాసన. జీడిపిక్కలు కాలిన వాసన. అది ముక్కుకి తగిలిందంటే మా పెద్దమ్మ ఇంటికి వచ్చేసినట్టే నాకు. ఆటో ఎక్కితే పట్టుమని పది నిమిషాల్లో కాశీబుగ్గ. గుమ్మంలోనే నిలబడి ఉంటుంది పెద్దమ్మ. "ఒలమ్మో, చిక్కిపోనావేటే!" అంటుంది. నేను ఏటేటా లావెక్కుతున్నా ఆవిడ మాట మాత్రం ఈ ఇరవై ఏళ్ళలో మారలేదు.

కిందటిసారి వెళ్ళినప్పుడు రైల్లో కూర్చుని కూర్చుని నాకు నడుం పట్టేసింది. అబ్బా అన్నానో లేదో, పెద్దమ్మ అలమారలోంచి పాత బిస్కట్ల రేకు డబ్బా తీసుకొచ్చింది. అది ఆవిడ మందుల పెట్టె. అందులో లేని బిళ్ళ లేదు.

"ఇదిగో, ఇది వేసుకో. క్షణంలో లాగేస్తుంది. నా మోకాళ్ళకి ఇదే కదూ! నువ్వు పంపినదే."

నేను పంపినదే. మూడేళ్ళ కిందట విశాఖపట్నంలో ఎముకల డాక్టరుగారికి చూపిస్తే, అయిదు రోజులకని రాసిచ్చిన బిళ్ళ అది. అయిదు రోజుల్లో పెద్దమ్మ లేచి తిరిగింది, చుట్టాల పెళ్ళికి వెళ్ళి అప్పడాలు కూడా వత్తింది. ఆ తరవాత నెలనెలా ఫోను: "ఆ బిళ్ళలు అయిపోయాయే." నెలనెలా మా వీధి చివర మందుల షాపులో రెండు అట్టలు కొనడం, పలాస వెళ్ళేవాళ్ళ చేతికివ్వడం. పెద్దమ్మకి ఏదో సేవ చేస్తున్నానని నాకో తృప్తి కూడాను. అయిదు రోజుల చీటీ మూడేళ్ళు నడిచింది.

ఆ రాత్రి మంచం మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటూంటే ఆవిడ పాదాలు చూశాను. మెట్టెలు చర్మంలోకి దిగిపోయి ఉన్నాయి. వేలితో నొక్కితే పడిన గుంట చాలాసేపు అలాగే ఉండిపోయింది. మర్నాడు బలవంతాన తీసికెళ్ళి రక్తపరీక్ష చేయించాను. క్రియాటినిన్ అనే ఒక లెక్క ఉందని ఉద్దానంలో పలక పట్టిన పిల్లలకి కూడా తెలుసు. ఆడవాళ్ళకి ఒకటికి అటూ ఇటూగా ఉండాల్సినది, పెద్దమ్మకి రెండు దాటింది.

డాక్టరుగారు కాగితం చూసి, ముందు అడిగినది ఒక్కటే: "నొప్పుల బిళ్ళలు ఏమైనా వాడుతున్నారా? ఎన్నాళ్ళనుంచి వేసుకుంటున్నావమ్మా?"

పెద్దమ్మ నా వంక చూసింది. నేను గోడ వంక చూశాను.

ఆ బిళ్ళల వల్లనే ఇలా అయిందని డాక్టరుగారు అనలేదు. వయసుంది, ఎన్నాళ్ళనుంచో ఎవరూ చూడని బి.పి. ఉంది, ఉద్దానం పక్కన కాపురం ఉంది. "ఏది ఎంత చేసిందో చెప్పలేం. కాని ఆ బిళ్ళ మాత్రం ఇవాళే మానెయ్యాలి" అన్నారు. నన్ను బాధపెట్టినది మరొకటి. ఆ ఒక్క ప్రశ్న ముప్పై ఆరు నెలల్లో ముప్పై ఆరుసార్లు అడగడానికి అవకాశం ఉన్నచోట ఎవ్వరూ అడగలేదు. నేను డబ్బులిచ్చాను, వాళ్ళు మందిచ్చారు. చిల్లర లేదని ఒక చాక్లెట్టు కూడా ఇచ్చారు.

నేను బి.ఏ. చదివినదాన్ని. రసాయనశాస్త్రం అంటే ఇప్పటికీ భయమే. కాని చరిత్ర అంటే ఇష్టం. ఒక పని ఎందుకిలా జరుగుతోందో తెలియనప్పుడు, ఎప్పటినుంచి ఇలా జరుగుతోందో వెతకడం నాకు అలవాటు. అంచేత మందుల కొట్లో బల్లకి అటుపక్క నిలబడే మనిషి కథ వెతకడం మొదలుపెట్టాను.

నా చిన్నతనంలో ఆ మనిషి పేరు కాంపౌండరు. టెక్కలిలో మా అమ్మమ్మగారి వీధిలోనే ఒక కాంపౌండరు తాతగారుండేవారు. వరసకి ఏమీ కారు గాని అందరికీ తాతగారే. నేను ఎరిగేనాటికి ఆయన రిటైరై చాలా కాలమయింది. అయినా పిల్లకి జ్వరమొస్తే ముందు ఆయన అరుగు దగ్గరికే పరుగు. తెల్లవారుజామున కల్వంలో ఏదో నూరుతూనే ఉండేవారు. ఆయన ఆసుపత్రి రోజుల కథలు మా అమ్మ చెప్పేది. గులాబీరంగు మిక్చరు సీసా, దాని పక్కన మెట్లుమెట్లుగా కత్తిరించి అంటించిన కాగితం చీలిక. పూటకి ఒక మెట్టు తాగాలి. అక్షరం రాని అమ్మకి కూడా అర్థమయ్యే ఏర్పాటు అది.

తాతగారి దగ్గర ఒక చాదస్తం ఉండేది. మందు ఇవ్వబోయేముందు పోలీసు విచారణలా ప్రశ్నలు. "ఎన్నాళ్ళయింది తల్లీ? ముందేమైనా వేసుకున్నావా? విరేచనం అయిందా? ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?" మా అమ్మమ్మ విసుక్కునేది. "మందిమ్మంటే జాతకం అడుగుతాడు" అని. జాతకం అడగడమే ఆయన వైద్యమని ఇప్పుడు అనిపిస్తోంది.

ఈ కాంపౌండర్లు ఎక్కడినుంచి వచ్చారంటే, మద్రాసు నుంచి. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా టెక్కలి, పలాస, సోంపేట ప్రాంతాలు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేవి. తరవాత విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. శ్రీకాకుళం జిల్లా 1950లో గాని పుట్టలేదు. ఆ మద్రాసు వైద్య కళాశాలలోనే 1860 ప్రాంతంలో మందులు కలిపేవాళ్ళకి, అమ్మేవాళ్ళకి తరగతులు మొదలయ్యాయి. దేశంలో ఈ చదువుకి పునాదులు పడిన చోట్లలో అదొకటి. కాని అక్కడ చదువుకుని వచ్చినవాళ్ళెందరు? తక్కిన ఊళ్ళల్లో డాక్టరుగారి పక్కన నిలబడి చూసి నేర్చుకున్నవాడే కాంపౌండరు. ఎవరూ నేర్పకుండానే కొట్టు పెట్టుకున్నవాడు మందుల షావుకారు.

ఆ రోజుల్లో మందుల బజారు ఎలా ఉండేదో తెలుసుకోవడానికి ప్రభుత్వం 1930లో కర్నల్ రామనాథ్ చోప్రా అధ్యక్షతన ఒక సంఘం వేసింది. మర్నాటి సంవత్సరం వచ్చిన ఆ నివేదికలో కల్తీ మందుల సంగతీ, నాసిరకం మందుల సంగతీ ఉన్నాయి. దానితోపాటు, మందులిచ్చేవాడికి చదువు చెప్పాలి, చట్టం తేవాలి అన్న సలహా కూడా ఉంది. చట్టాలు నెమ్మదిగా వచ్చాయి. మందుల చట్టం 1940లో, ఫార్మసీ చట్టం 1948లో.

ఈ రెండో చట్టంలో నాకు భలే నచ్చిన ముక్క ఒకటుంది. మొదటిసారి పేర్లు నమోదు చేసేటప్పుడు, డిగ్రీలు ఉన్నవాళ్ళనే కాదు, ఆసుపత్రిలోనో డిస్పెన్సరీలోనో అయిదేళ్ళు మందులు కలిపిన అనుభవం ఉన్నవాళ్ళని కూడా ఫార్మసిస్టులుగా చేర్చుకోవచ్చునన్నారు. మా టెక్కలి తాతగారి గోడ మీద కామెర్ల రంగులోకి తిరిగిన ఒక సర్టిఫికెట్టు చెక్క ఫ్రేములో వేలాడుతూ ఉండేది. దానికి రోజూ అగరుబత్తి చూపించేవారు. దేవుడి పటమనుకునేదాన్ని.

చదువు సంగతికొస్తే, మన దేశంలో ఫార్మసీని విశ్వవిద్యాలయం గుమ్మం ఎక్కించినది మహాదేవ లాల్ ష్రాఫ్ అనే ఆయన. అమెరికాలో చదువుకుని వచ్చి, పండిత మదనమోహన మాలవీయగారి అండతో 1932లో బనారసు హిందూ విశ్వవిద్యాలయంలో ఈ చదువు ప్రారంభించారు. మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1951లో ఫార్మసీ శాఖ వెలిసింది. అప్పటి అవసరం ఏమిటంటే, మందులు మనమే తయారుచేసుకోవాలి, విదేశాల మీద ఆధారపడకూడదు. అది గొప్ప ఆశయం, నెరవేరింది కూడా. ఇవాళ ప్రపంచం నలుమూలలా మన బిళ్ళలు మింగుతున్నారు. కాకపోతే ఆ చదువంతా ఫ్యాక్టరీ వైపు తిరిగింది. మందు ఎలా చెయ్యాలి, ఎలా పరీక్షించాలి, ఎలా నిలవుంచాలి అన్నవి నేర్పారు. మందు కొనడానికి వచ్చిన మనిషిని ఏం అడగాలి అన్నది వెనకబడిపోయింది.

ఈలోగా మిక్చరు సీసాలు పోయి, అట్టల మీద బిళ్ళలు కంపెనీనుంచే వచ్చేశాయి. కలిపే పని లేదు. కల్వం అటకెక్కింది. కలిపే పనితో పాటు అడిగే పని కూడా అటకెక్కిందని నా అనుమానం. కాంపౌండరు పోయి ఫార్మసిస్టు వచ్చాడన్నారు గాని, చాలాచోట్ల సర్టిఫికెట్టు మాత్రమే గోడ మీద ఉంటుంది. దాని తాలూకు మనిషి ఎక్కడ ఉంటాడో ఆ గోడకే తెలియాలి. బల్ల వెనక నిలబడి అందించేవాడు పదో తరగతి తప్పిన కుర్రాడు.

ఇక ఉద్దానం కథ. ఉద్యానమే ఉద్దానమయిందంటారు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో కళ్ళు చల్లబడే నేల. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి ఆ తోటల నడుం విరిచింది. అంతకంటే ముందునుంచే, 1990 దశకం చివరినుంచి, ఇంకొకటి చప్పుడు లేకుండా నడుములు విరుస్తోంది. నలభై ఏళ్ళ మనిషికి ఆకలి మందగిస్తుంది, నీరసం, కాళ్ళ వాపు. ఆసుపత్రికి వెళ్ళేసరికి మూత్రపిండాలు మూడు వంతులు పాడైపోయి ఉంటాయి. షుగరు ఉండదు, పెద్దగా బి.పి. ఉండదు. ఎందుకొచ్చిందో తెలియదు. విశాఖపట్నం డాక్టర్లు, దేశవిదేశాల పరిశోధకులు వచ్చి చూశారు. ఇంటింటికీ తిరిగి చేసిన పరీక్షల్లో పెద్దవాళ్ళలో దరిదాపు అయిదో వంతు మందికి మూత్రపిండాల జబ్బు కనిపించింది. నీరా, పురుగుమందులా, ఎండలో చాకిరీయా, వంశమా అన్నది ఇంకా తేలలేదు. శ్రీలంకలో వరి రైతులకీ, మధ్య అమెరికాలో చెరుకు కోసే కూలీలకీ ఇలాంటి జబ్బే ఉంది. అక్కడా కారణం పూర్తిగా తేలలేదు.

2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం నుంచి గొట్టాల ద్వారా మంచినీళ్ళు తెచ్చే పథకం కూడా అప్పుడే మొదలయింది. డయాలిసిస్ కోసం విశాఖపట్నం దాకా పోనక్కర్లేదు. మంచిదే. కాని డయాలిసిస్ అన్నది కథలో చివరి అధ్యాయం. మొదటి అధ్యాయాలు వేరేచోట జరుగుతున్నాయి. మందుల కొట్లో.

ఎలాగంటారా? కాశీబుగ్గ, పలాస వీధుల్లో జీడి బట్టీల దగ్గర పనిచేసే ఆడవాళ్ళని చూడండి. జీడిపిక్క పెంకులో ఒక నూనె ఉంటుంది. తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది. చేతులకి ఆముదమో బూడిదో రాసుకుని, పొద్దున్నుంచి సాయంత్రందాకా వంగి కూర్చుని పిక్కలు కొట్టాలి, పొట్టు తియ్యాలి. మనింట్లో పాయసంలో నేతిలో దోరగా వేగి తేలే ప్రతి బద్ద వెనకా ఒక పట్టేసిన నడుం ఉంటుంది. పెద్దమ్మ ఇంటి పక్కావిడ ఆ పనే చేస్తుంది. "బిళ్ళేసుకుంటే గాని సెయ్యి లెగదమ్మా" అంది నాతో, నవ్వుతూ. డాక్టరు దగ్గరికి వెళ్తే ఒక పూట కూలి పోతుంది, ఫీజు వేరే. మందుల కొట్టుకైతే రాత్రి తొమ్మిదింటికి ఇంటికి పోతూ పోతూ వెళ్ళవచ్చు. చీటీ అక్కర్లేదు, పది రూపాయలు చాలు. పేదవాళ్ళ బస్తీల్లో మందుల కొట్టే ఆసుపత్రి. బల్ల వెనక ఉన్నవాడే డాక్టరు.

నొప్పి తగ్గించే బిళ్ళ మూత్రపిండాన్ని ఏం చేస్తుందో డాక్టరుగారు నాకు బి.ఏ. భాషలో చెప్పారు. చేనుకి తూములాగ, మూత్రపిండానికి రక్తం పారే సన్నటి దారులుంటాయి. ఒంట్లో నీరు తక్కువైనప్పుడు ఆ తూముని తెరిచి ఉంచడానికి శరీరం ఒక పదార్థం తయారుచేసుకుంటుంది. నొప్పి పుట్టించేదీ ఆ జాతి పదార్థమే. బిళ్ళ వేసుకుంటే అది తయారవదు. నొప్పి పోతుంది, తూము మూసుకుంటుంది. చల్లగా నీడపట్టున ఉండే మనిషికి రెండు రోజులకి ఏమీ కాకపోవచ్చు. చెమటోడ్చి, నీళ్ళు తాగక, అప్పటికే సగం దెబ్బతిన్న మూత్రపిండాలతో నెలల తరబడి వేసుకునే మనిషికో? పైగా బి.పి. బిళ్ళా, నీరు తీసే బిళ్ళా కూడా వాడుతూంటే మరీ ప్రమాదం. ఉద్దానం జబ్బు ఈ బిళ్ళల వల్ల పుట్టిందని ఎవరూ రుజువు చెయ్యలేదు. కాని కుంటుతున్న ఎద్దు మీద ఇంకో బస్తా వెయ్యకూడదని చెప్పడానికి రుజువులెందుకు?

ఇది మనకొక్కరికే వచ్చిన కష్టం కాదు. స్వీడన్‌లో హుస్క్‌వర్నా అని ఒక ఫ్యాక్టరీ ఊరు ఉంది. కుట్టుమిషన్లకి పేరుపడ్డ ఊరు. 1918 ఇన్‌ఫ్లూయెంజా రోజుల్లో అక్కడి డాక్టరు ఒకాయన ఒళ్ళు నొప్పులకి ఒక పొడి రాసిచ్చాడు. జ్వరాలు పోయాయి గాని పొడి ఉండిపోయింది. అది వేసుకుంటే పని బాగా సాగుతుందని కార్మికుల నమ్మకం. పుట్టినరోజులకి రంగుకాగితంలో చుట్టి బహుమతిగా కూడా ఇచ్చుకునేవారట! ఒక తరం గడిచేసరికి ఆ ఊళ్ళో మూత్రపిండాలు పాడై చనిపోయేవాళ్ళు పెరిగారు. 1960 దశకంలో గ్రిమ్‌లుండ్ అనే డాక్టరు లెక్కలు తీస్తే పొడి బండారం బయటపడింది. అందులోని ముఖ్యమైన మందు ఫెనసెటిన్.

ఆస్ట్రేలియాలో ఇంకా విచిత్రం. అక్కడ ఆ రకం పొడి పొట్లాలు పచారీ కొట్లలో, పాల దుకాణాల్లో కూడా అమ్మేవారు. ప్రకటనలన్నీ ఇల్లాళ్ళ కోసమే. అలసిపోయావా తల్లీ, టీ తాగి, పొట్లం వేసుకుని కాసేపు నడుం వాల్చు అన్న ధోరణి. మెల్‌బోర్న్‌లో ప్రిసిల్లా కింకెయిడ్-స్మిత్ అనే లేడీ డాక్టరు తన దగ్గరకొచ్చే రోగుల్లో ఈ పొట్లాల అలవాటు కనిపెట్టి, ఏళ్ళ తరబడి పోరాడింది. 1979లో వాటిని చీటీ లేకుండా అమ్మడం ఆపేశారు. ఆ తరవాత ఆ రకం మూత్రపిండాల జబ్బు అక్కడ తగ్గుముఖం పట్టింది. పొట్లం కొనేటప్పుడు ఎన్నాళ్ళనుంచి అని ఆ ఇల్లాళ్ళని అడిగేవాళ్ళుంటే అంతదాకా వచ్చేదా?

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. మా టెక్కలి తాతగారు ఉద్యోగకాలంలో అందరికీ ధారాళంగా ఇచ్చిన ఎ.పి.సి. బిళ్ళలో మధ్య అక్షరం ఆ ఫెనసెటినే. పాపం, ఆయనకు తెలియదు. అప్పటికి ఆయనకి నేర్పినవాళ్ళకీ తెలియదు. మన దేశంలో ఆ మందుని 1980 దశకంలో గాని ఆపలేదు. ఒక్కసారి నేర్చుకున్న చదువు జీవితాంతం సరిపోదనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? ఆయన ప్రశ్నలు మంచివే. వాటి పక్కన కొత్త చదువు కూడా ఉండాలి.

మరో సాక్ష్యం ఆకాశంలో ఉంది. ఉంది అనకూడదేమో, ఉండేది. టెక్కలి పక్కన తేలినీలాపురంలో ఏటా గూడబాతులు, కొంగలు దిగుతాయి. పిల్లల్ని తీసికెళ్ళి చూపిస్తాం. కాని నా చిన్నప్పుడు విన్న రాబందులేవీ? 1990 దశకంనుంచి దేశంలో తొంభై శాతానికి పైగా మాయమైపోయాయి. కారణం 2004లో తేలింది. పశువుల నొప్పులకి వాడే డైక్లోఫెనాక్. ఆ మందు ఒంట్లో ఉన్న పశువు కళేబరం తిన్న రాబందుకి మూత్రపిండాలు పాడై చచ్చిపోతుంది. 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. మనుషుల సీసాలు పశువులకి వాడేస్తున్నారని 2015లో పెద్ద సీసాలు కూడా ఆపేశారు. మనిషి రాబందు కాదు, నిజమే. పక్షి కోసం అంత ఆలోచించిన దేశంలో, అదే మందు మనిషికి చీటీ లేకుండా అమ్మకూడదని చట్టం ఉన్నా, అట్ట మీద అచ్చువేసి ఉన్నా, ఎవరూ చదవరు. "రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనరు చీటీ మీద మాత్రమే" అని ఉంటుంది అట్ట మీద. మా వైపు ఆర్.ఎం.పి. అంటే సైకిలు మీద సంచీతో వచ్చే ఆయన. ఆయన రాసినా చట్టం పాటించినట్టే అనుకుంటారు జనం!

మరి ఏం చెయ్యాలి? బల్ల వెనక మనిషిని తిట్టి లాభం లేదు, నేర్పాలి. నేర్పితే ఏమవుతుందో చూపించినవాళ్ళున్నారు. 2006లో ముంబయిలో ఇండియన్ ఫార్మస్యూటికల్ అసోసియేషన్ వాళ్ళు మందుల షాపుల ఫార్మసిస్టులకి క్షయ గురించి శిక్షణ మొదలుపెట్టారు. బస్తీల్లో దగ్గువాడు ముందు వచ్చేది దగ్గుమందు సీసా కోసం. రెండు వారాలు దాటిన దగ్గని తెలిస్తే సీసా అమ్మి పంపెయ్యకుండా కఫం పరీక్షకి పంపడం, మందు మొదలుపెట్టినవాడి చేత బల్ల దగ్గరే బిళ్ళ మింగించడం. ఇంతే ఆ చదువు. 2012 నాటికి జాతీయ క్షయ నివారణ కార్యక్రమమే ఫార్మసిస్టుల సంఘాలతో ఒప్పందం చేసుకుంది.

అమెరికాలో లాస్ ఏంజెలెస్‌లో జరిగినది ఇంకా ముచ్చటగా ఉంటుంది. నల్లజాతి మగవాళ్ళకి బి.పి. ఎక్కువ, డాక్టరు దగ్గరికి వెళ్ళడం తక్కువ. కాని క్షవరానికి వెళ్ళక తప్పదు కదా! అంచేత 52 క్షౌరశాలల్లో ప్రత్యేకంగా శిక్షణ పొందిన ఫార్మసిస్టులు అక్కడికే వచ్చి, బి.పి. చూసి, డాక్టర్లతో చేసుకున్న ఏర్పాటు ప్రకారం మందులు సరిచేశారు. కొన్ని షాపుల్లో మాత్రం డాక్టరు దగ్గరికి వెళ్ళమని సలహా చెప్పి ఊరుకున్నారు. 319 మంది మీద చేసిన ఆ ప్రయోగం ఫలితాలు 2018లో వచ్చాయి. సలహా చోట బి.పి. పై అంకె ఆరు నెలల్లో 9 తగ్గింది. ఫార్మసిస్టు వచ్చిన చోట 27 తగ్గింది. మన ఊళ్ళల్లో నాయీబ్రాహ్మణులు తరతరాలుగా వైద్యం చేసినవాళ్ళే. వాళ్ళకీ సంగతి చెబితే "ఇందులో వింతేముంది" అంటారు.

మన దేశంలో ఫార్మసిస్టు తనంతట తాను మందు మార్చకూడదు. మార్చమని నేననడం లేదు. అడగమంటున్నాను. 2008లో ఆరేళ్ళ ఫార్మ్.డి. చదువు వచ్చింది. అందులో రోగి మంచం పక్కన నిలబడి నేర్చుకోవడం ఉంది. 2015 ఫార్మసీ నిబంధనల్లో, మందు ఇచ్చేటప్పుడు దాని సంగతి రోగికి వివరించి చెప్పడం ఫార్మసిస్టు బాధ్యతే అని స్పష్టంగా రాశారు. చదువూ ఉంది, నిబంధనా ఉంది. కాశీబుగ్గ బజారులో రాత్రి తొమ్మిదింటికి ఆ రెండూ కలుసుకోవడమే మిగిలింది.

ఈసారి పలాస వెళ్ళినప్పుడు కాంప్లెక్సు దగ్గర ఒక చిన్న మందుల షాపులో నిలబడ్డాను. బల్ల వెనక ఇరవై నాలుగేళ్ళ అమ్మాయి. డి.ఫార్మసీ చదివిందట. వాళ్ళమ్మ జీడి బట్టీలో పనిచేస్తుందట. నా ముందున్నావిడ నడుం పట్టుకుని, "ఎర్ర బిళ్ళలు ఒక అట్టియ్యమ్మా" అంది.

"ఎన్నాళ్ళనుంచి వేసుకుంటున్నావు పిన్నీ?"

నా గుండె ఝల్లుమంది.

"నాకేటి తెలుసు. దీపావళి ముందునుంచి."

"బి.పి. బిళ్ళ వాడుతున్నావా? కాళ్ళు వాస్తున్నాయా? రక్తపరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నావా?"

"బిళ్ళిమ్మంటే ఇన్ని సదువులేటే! ఇయ్యకపోతే సెప్పు, పక్క కొట్టుకి పోతాను."

ఆ అమ్మాయి నవ్వింది. ఎర్ర అట్ట తియ్యలేదు. జ్వరం బిళ్ళలు నాలుగు చేతిలో పెట్టింది. రోజుకి ఎన్నో, ఎన్ని రోజులో కవరు మీద గీతలు గీసి చూపించింది. పనిలో నీళ్ళు తాగమంది. రేపు పెద్దాసుపత్రిలో రక్తపరీక్ష చేయించుకుని కాగితం తనకి చూపించమంది. ఆవిడ సణుక్కుంటూనే తీసుకుని వెళ్ళింది.

"నిజంగా పక్క కొట్టుకి పోతే?" అన్నాను.

"సగం మంది పోతారు మేడమ్. ఓనరుగారు కేకలేస్తారు కూడాను. పక్క కొట్లో కూడా ఇదే అడిగితే ఇంకెక్కడికి పోతారు?" అంది.

నేను ఇన్ని పుస్తకాలు తిరగేసి వెతికిన సంగతి ఆ పిల్ల ఒక్క ముక్కలో చెప్పేసింది. ఒక మంచి అమ్మాయి చాలదు. బజారులో అందరికీ నేర్పాలి, అందరూ అడగాలి. కవరు మీద ఆ గీతలు చూస్తే నాకు తాతగారి మిక్చరు సీసా మీద కాగితం మెట్లు గుర్తొచ్చాయి.

పెద్దమ్మ బాగానే ఉంది. క్రియాటినిన్ అక్కడే ఆగింది, పెరగలేదు. మోకాళ్ళకి కాపడం పెట్టుకుంటుంది, బి.పి. బిళ్ళ వేళకి వేసుకుంటుంది. బిస్కట్ల డబ్బాలో ఇప్పుడు సూదులు, దారం ఉన్నాయి. ఎవరు నడుం పట్టుకుని వచ్చినా సరే, మంచినీళ్ళకంటే ముందు, "ఏ బిళ్ళ? ఎన్నాళ్ళనుంచి?" అని జాతకం అడుగుతోంది. వీధిలో వాళ్ళు విసుక్కుంటున్నారట.

మొన్న ఫోనులో నన్నూ వదల్లేదు. "అందరికీ రాసి చెప్తావు సరే, నీ మందుల డబ్బా తెరిచి చూసుకున్నావా?" అంది.

చూసుకున్నాను. ఎర్ర అట్టలు రెండు బయటపడ్డాయి. మీరు కూడా ఈ పుస్తకం పక్కన పెట్టాక ఒకసారి చూసుకోండి.